పాస్టరు గది కింద

మూడో చెక్క లేచేసరికి కింద ఇనప మూత కనిపించింది.

తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కూలీలిద్దరు గడ్డపారలు ఆనించి బలంగా నొక్కారు. మూత కీచుమంటూ పైకి లేచింది. లోపల చిమ్మచీకటి. ఏళ్ళ తరబడి మగ్గిన గాలి ముఖాన కొట్టింది. ఒకడు టార్చ్ వేసి తొంగిచూశాడు. మరుక్షణం టార్చ్ అక్కడే పారేసి బయటకు పరుగు తీశాడు.

ఉదయం పదింటికి ఇన్‌స్పెక్టర్ జీపు గేటు ముందు ఆగింది.

అది పాత మెథడిస్టు ప్రార్థనామందిరం. రాతి గోడలు. పొడవాటి కిటికీలు. ముందువైపు గంట గూడు. దాదాపు ముప్పై ఏళ్ళుగా తాళం పడి ఉన్న ఆ మందిరాన్ని ఈ ఏడాదే తెరిచి బాగుచేస్తున్నారు. ఆదివారం ఆరాధన. మిగతా రోజుల్లో వీధివాళ్ళకి సాయంత్రం బడి, కుట్టుపని క్లాసు. అదీ ప్లాను. సగం కిటికీలకు కొత్త అద్దాలు వచ్చాయి. మిగతా సగానికి ఇంకా రేకులే. లోపలంతా పరంజా కర్రలు, తడి సున్నం వాసన.

ఇన్‌స్పెక్టర్ యాభైకి దగ్గరపడిన మనిషి. తక్కువ మాట్లాడుతుంది. ఆమె వెంట వచ్చిన ఎస్సై ఆ లోటు తీరుస్తాడు.

"ఎవరైనా లోపలికి దిగారా?" అడిగింది ఆమె.

"లేదు మేడమ్. ఎవరూ ముట్టుకోలేదు." పని చూస్తున్న ఇంజనీరు కుర్రవాడు. ముఖం పాలిపోయింది. "ఇక్కడ తొట్టి ఉందని నాకే తెలియదు. ఇది పాస్టరు ప్రసంగానికి ముందు కూర్చునే గది. అంతే తెలుసు."

నిచ్చెన తెప్పించి ఇన్‌స్పెక్టర్ తానే దిగింది.

వాన నీళ్ళు పట్టుకునే పాత తొట్టి. రెండు నిలువుల లోతు. ఇప్పుడు పొడిగా ఉంది. ఒక మూల గోడకు ఆనుకుని అస్థిపంజరం. కూర్చుని కూర్చునే ప్రాణం వదిలినట్టుంది. పేలికలైన చొక్కా. చేతి గడియారం. ఎడమ తొడ ఎముక రెండు ముక్కలు. ఒక బూటు కాలికే ఉంది. రెండోది కుడిచేతి పక్కన. ఆ బూటు మీద బోర్లాపడి ఒక వెండి పాత్ర.

ఆమె టార్చ్ గోడ మీదికి తిప్పింది. కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో గచ్చు గుంటలు గుంటలుగా రాలిపోయి ఉంది.

తరువాత టార్చ్ పైకి తిప్పింది. తొట్టి అంచున పక్కపక్కనే రెండు తుప్పు మరకలు. కొక్కేలు తగిలించిన గుర్తులు.

"ఇక్కడ ఇనప నిచ్చెన ఉండేది," అంది పైకి వచ్చాక.

"ఇప్పుడు లేదుగా మేడమ్?"

"దిగినవాడు నిచ్చెన మింగి ఉండడు కదా. ఎవరో పైకి లాగారు. మూత వేశారు. మూత మీద చెక్కలు కొట్టారు."

ఎస్సై నోట్‌బుక్ తీశాడు. "అయితే మర్డరే."

ఆమె బయటకు నడిచింది.

బయట వేపచెట్టు నీడలో, ఆ గది నుంచి ఊడదీసిన టేకు చెక్కలు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఎస్సై వాటి మీదే కూర్చుని పంచనామా రాశాడు. టీ కూడా అక్కడే తాగాడు. ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి ఒక్కొక్క చెక్కనూ తిరగేసి చూస్తూ ఉంది.

"చేతికి పేళ్ళు గుచ్చుకుంటాయి మేడమ్," అన్నాడతను.

"గుచ్చుకోవు. నున్నగా ఉన్నాయి," అంది.

అప్పటికే గేటు దగ్గర జనం మూగారు. వాళ్ళ నోట ఒకటే మాట.

"దొంగ పాస్టరు! దొంగ పాస్టరు దొరికాడట!"

*

సంగతి ఆ వీధిలో పెద్దవాళ్ళందరికీ తెలిసిందే.

ముప్పై ఏళ్ళ కిందట ఈ మందిరానికి ఒక పడుచు పాస్టరు ఉండేవాడు. ఒక శుక్రవారం ఇంటి నుంచి బయలుదేరినవాడు మళ్ళీ రాలేదు. మర్నాడు భార్య పోలీసులకు చెప్పింది, మనిషి కనపడటం లేదని. అదే రోజు సంఘ పెద్ద కూడా వచ్చి చెప్పాడు, ఆరాధనలో ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజన పాత్ర కనపడటం లేదని. వెండిది. పూర్వకాలపుది.

"రెండు కంప్లయింట్లూ కలిపి మనవాళ్ళు ఒక దొంగను తయారుచేశారు," అంది ఇన్‌స్పెక్టర్ ఎస్సైతో, పాత ఫైలు తిరగేస్తూ. "ఒక్కరూ మందిరంలోకి వెళ్ళి వెతకలేదు. దొంగ పారిపోతాడు గానీ ఇక్కడెందుకుంటాడు అనుకున్నారు."

ఆదివారం నాడు ఇదే వేదిక మీద నుంచి పాస్టరు దొంగ అని చదివారు. భార్యను క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు. చంకలో నాలుగేళ్ళ కూతురు. అందరూ ముఖం చాటేశారు. ఒక్క ఇంటి తలుపు తెరుచుకుంది. సంఘ పెద్ద భార్య టీచరు. ఆవిడే తల్లీబిడ్డల్ని తీసుకెళ్ళి తన ఇంటి వెనక గదిలో పెట్టుకుంది. ఆ తరువాత సంఘంలో మాటలు పెరిగాయి. దొంగకు కొమ్ము కాసినవాళ్ళు ఎవరు, కాయనివాళ్ళు ఎవరు అంటూ రెండు ముక్కలైంది. చివరికి మందిరానికి తాళం పడింది.

సంఘ పెద్ద రెండేళ్ళ కిందట పోయాడు. ఆయన పోయిన ఏడాదికి టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి, విడిపోయిన రెండు జట్లనూ కూర్చోబెట్టి, మందిరం బాగుచేయడానికి కమిటీ వేసింది. కాళ్ళ నొప్పులతోనే పరంజా కింద నిలబడి పని చేయిస్తోంది.

*

మధ్యాహ్నం పాస్టరమ్మ వచ్చింది. ఒకవైపు నర్సు యూనిఫాంలో కూతురు. రెండోవైపు చెయ్యి పట్టుకుని టీచరమ్మ.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. దాని మీద గడియారం, చొక్కా మెడపట్టీ పెట్టింది.

పాస్టరమ్మ గడియారం వైపు చూడలేదు. ముప్పై ఏళ్ళు మిషన్ కుట్టిన వేళ్ళు. అవి మెడపట్టీని మెల్లగా తిప్పాయి. బొత్తాం దగ్గర ఆగాయి.

"నీలం దారం," అంది.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది.

"ఆ రోజు తెల్లదారం అయిపోయింది. కొత్త ఉండ తెచ్చాక కుడతానన్నాను. గడ్డం కింద ఎవరికి కనపడుతుందిలే, ఏదో ఒకటి వేసెయ్ అన్నారు. తొందరలో ఉన్నారు. నేనే కుట్టాను."

"గుర్తుపట్టినట్టేనా అమ్మా?"

ఆమె తలూపింది. గది నేల మీద తెరిచి ఉన్న నల్లటి నోరు వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నారా! నేను రోజూ ఈ గోడ పక్కనుంచే కదమ్మా, కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేది. వానొస్తే ఈ చూరు కిందే నిలబడేదాన్ని."

కూతురు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఏడవలేదు. "బళ్ళో పిల్లలు దొంగ కూతురా అనేవాళ్ళు మేడమ్. ఇంటికొచ్చి నేను ఆయన్ని తిట్టేదాన్ని. అమ్మ వింటుందని కూడా చూసేదాన్ని కాదు. ఆయన ఫోటో ఒకటుంటే చించేశాను. మళ్ళీ ఇంకోటి లేదు మా దగ్గర."

"ఊరుకో తల్లీ," అంది టీచరమ్మ.

"నన్నాపకు పెద్దమ్మా. చెప్పనీ నన్ను."

ఇన్‌స్పెక్టర్ టీచరమ్మ వైపు చూసింది. వచ్చినప్పటి నుంచీ ఆవిడ బల్ల వైపు గానీ, తొట్టి వైపు గానీ ఒక్కసారి కూడా చూడలేదు.

*

గంటల తాతను వరండాలో కూర్చోబెట్టి అడిగారు. ఎనభై దాటిన మనిషి. మందిరానికి గంట కొట్టడం, తాళాలు చూసుకోవడం ఆయన పని. ఏళ్ళ తరబడి కొట్టిన గంట ఆయన చెవుల్ని ఎప్పుడో తినేసింది.

"తాతా! నేలకి చెక్కలు ఎవరు వేయించారు?" ఎస్సై అరిచాడు.

"మొక్కలా? మొక్కలు బయటేశాం బాబూ, గేటు పక్కన."

"మొక్కలు కాదు! చెక్కలు! పాస్టరు గదిలో!"

"అదా. పెద్దాయనే. నేల చెమ్మగా ఉంది, కొత్త పాస్టరు వస్తే జబ్బు చేస్తుందని వడ్లాయన్ని పిలిపించారు. ఆ పాస్టరుబాబు పోయిన వారమే."

"తొట్టి సంగతి నీకు తెలియదా?"

"తెలియకేం! ఎండిపోయి చాలాకాలమైంది. వాడకం లేదు. దాని మీద చెక్కలేస్తే నాకేం అనుమానం వస్తుంది?"

"నిచ్చెన ఏమైంది?"

"ఇనప నిచ్చెనా? పెద్దాయన ఇంటికి పట్టుకెళ్ళారు. వృథాగా పడుందని. నేనే ఒక చివర పట్టుకున్నా."

ఎస్సై ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. కళ్ళలో మెరుపు. ఆమె ముందుకు వంగింది. అరవలేదు. పెదవులు కదిలేది కనపడేట్టు నిదానంగా అడిగింది.

"ఆ శుక్రవారం సాయంత్రం మందిరంలో ఎవరున్నారు తాతా?"

"శుక్రవారం పాటల ప్రాక్టీసు ఉండేది తల్లీ. ఆ రోజు కుండపోత వాన. ఎవరూ రాలేదు. టీచరమ్మ ఒక్కతే హార్మోనియం ముందు కూర్చుంది. ఆవిడ అప్పట్లో వాయిస్తే అంత బాగుండేది. నాకు వినపడదు గానీ చేతులు చూస్తూ కూర్చునేవాణ్ణి."

"మరి ఇప్పుడు వాయించరా?"

"ఎప్పుడో మానేసింది. పాస్టరమ్మకి అలా జరిగాక మనసు విరిగిపోయిందమ్మా. మళ్ళీ ఆ పెట్టె తెరవలేదు."

*

రెండో రోజు డాక్టరు ఫోన్‌లో రిపోర్టు చెప్పాడు.

పుర్రెకు దెబ్బ లేదు. కత్తి పోటు, బుల్లెట్ లాంటి గుర్తులు లేవు. తొడ ఎముక విరిగింది. ఎత్తు మీద నుంచి పడితే విరిగే తీరు.

"అంతమాత్రానికి చచ్చిపోతాడా డాక్టర్?"

"వెంటనే కాదు. తొడ ఎముక విరిగితే లోపలే రక్తం పోతూ ఉంటుంది. కొన్ని గంటలు బతికి ఉంటాడు. ఆ లోపు ఆస్పత్రికి తెస్తే బతికించేవాళ్ళం." డాక్టరు అంతటితో ఆగలేదు. "ఆ విడి బూటు మడమ చూశారా? ఒకవైపంతా అరిగి గచ్చు దుమ్ముతో నిండిపోయింది. దాన్ని సుత్తిలా పట్టుకుని గోడ కొట్టాడు. చాలాసేపు కొట్టాడు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసింది.

"సంఘ పెద్దే మేడమ్," అన్నాడు ఎస్సై. "నిచ్చెన లాగింది ఆయనే. చెక్కలు వేయించింది ఆయనే. ఆయనే పోయాడు. ఇక కేసు క్లోజ్."

"ఇంకొకటి తేలాలి."

"ఏంటది?"

ఆమె ఇంజనీరును పిలిపించింది. ఒకే ప్రశ్న అడిగింది. అతను చెప్పిన పేరు విని ఎస్సై నోరు తెరిచాడు.

*

శనివారం మధ్యాహ్నం. పని ఆపించి మందిరం లోపల అందర్నీ కూర్చోబెట్టారు. కొత్తగా వార్నిష్ కొట్టిన బెంచీలు. ముందు బెంచీలో పాస్టరమ్మ, కూతురు, టీచరమ్మ. వెనక గంటల తాత. పక్కన ఇంజనీరు.

ఇన్‌స్పెక్టర్ వేదిక ఎక్కలేదు. వాళ్ళ ఎదుట స్టూలు వేసుకుని కూర్చుంది.

"మొదట ఒక్క మాట," అంది. "పాస్టరుగారు దొంగతనం చేయలేదు."

పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది.

"విడి బూటు ఆయన చేతి పక్కన ఉంది. దాంతో ఆయన గోడ కొట్టారు. చేతిలో బలం ఉన్నంతసేపు కొట్టారు. ఇక కొట్టలేనప్పుడు బూటు జారిపోయింది. వెండి పాత్ర ఆ బూటు మీద బోర్లాపడి ఉంది. అంటే బూటు పడ్డాకే పాత్ర పడింది. ఆయన పోయిన తరువాత ఎవరో మళ్ళీ మూత తీసి, పాత్ర లోపలికి విసిరి, మళ్ళీ మూశారు. మనిషి, వస్తువు రెండూ ఒకేసారి మాయమైతే లోకం ఏమనుకుంటుందో వాళ్ళకి తెలుసు."

"మా పెదనాన్నా?" అంది కూతురు.

"అవును. నిచ్చెన ఆయన ఇంటికే వెళ్ళింది. చెక్కలు ఆయనే వేయించారు. కానీ ఆయన లేరు. ఆయనకు తప్ప ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా అన్నదే నాకు మిగిలిన ప్రశ్న."

ఆమె ఎస్సై వైపు తిరిగింది.

"మీరు పంచనామా రాస్తూ కూర్చున్న చెక్కలు ఎలా ఉన్నాయి?"

"ఎలా అంటే? బాగానే ఉన్నాయి మేడమ్. గట్టిగా."

"అదే. ఒక్కొక్కటీ తిరగేసి చూశాను. ఎక్కడా చెద లేదు, పుచ్చు లేదు. ఇంకో వందేళ్ళు ఉండే టేకు. మందిరమంతా పైసా పైసా చూసుకుని బాగుచేస్తున్నవాళ్ళు బంగారంలాంటి నేలను ఎందుకు పీకించారు? ఇంజనీరుగారూ, మీ ప్లానులో ఏముంది?"

ఇంజనీరు నీళ్ళు నమిలాడు. "ఆ గది నేల ముట్టుకోవద్దనే ఉంది మేడమ్. కానీ... చెద పట్టింది, తీయాల్సిందేనన్నారు. నేను చూసి లేదని చెప్పాను. అయినా ఒప్పుకోలేదు. మూడుసార్లు అడిగారు. చివరికి, నేల తీయకపోతే ఈ పనే వద్దు అన్నారు."

"ఎవరు?"

అతను చెప్పక్కర్లేకపోయింది. టీచరమ్మ లేచి నిలబడింది.

"నేనే," అంది.

పాస్టరమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. ఇంకా అర్థం కాలేదు. "ఏంటక్కా? కూర్చో. నీకు కళ్ళు తిరుగుతాయి."

"చెయ్యి వదులు. వదిలితే గానీ చెప్పలేను."

టీచరమ్మ మాటలు మొదట్లో తడబడ్డాయి. తరువాత ఆగలేదు.

"పాస్టరుగారు ఈ వీధి మిల్లు కూలీల పిల్లలకి ఇక్కడ సాయంత్రం బడి పెడదామన్నారు. మా ఆయనకి వాళ్ళు ఈ గుమ్మం తొక్కడమే ఇష్టం లేదు. పిల్లలకి తాగే నీళ్ళు కావాలి కదా, తొట్టి కడిగి వాన నీళ్ళు పట్టుకుందామని ఆ మధ్యాహ్నం పాస్టరుగారు లోపలికి దిగారు. ఈయన వెళ్ళారు. పైనుంచి ఈయన, కిందనుంచి ఆయన. మాటకి మాట పెరిగింది. బుద్ధొచ్చేదాకా అక్కడే ఉండు అని ఈయన నిచ్చెన లాగారు. పాస్టరుగారు అప్పటికే సగం మెట్లు ఎక్కేశారు. నిచ్చెన మీది నుంచి వెనక్కి పడ్డారు. ఆయన అరుస్తుంటే ఈయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదట. మూతేసి పారిపోయి వచ్చేశారు."

"మళ్ళీ వెళ్ళలేదా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"వెళ్ళారు. మూత తీద్దామనే వెళ్ళారట. సాయంత్రం. గుమ్మంలోంచి చూస్తే..." ఆవిడ బెంచీ అంచు పట్టుకుంది. "నేను హార్మోనియం వాయిస్తున్నాను. నాకు తెలిసిపోతుందని అక్కణ్ణుంచే వెనక్కి తిరిగారు. తెల్లారి వెళ్తే అంతా అయిపోయింది."

కూతురు లేచింది. "నువ్వు ఇక్కడున్నావా? ఆయన కింద ఉన్నప్పుడు?"

"ఉన్నాను తల్లీ. పైన వాన హోరు. ఎక్కడో టకటక వినపడింది. గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది అనుకున్నాను. చిరాకేసింది. ఇంకాస్త గట్టిగా వాయించాను."

కూతురు బెంచీ మీద కూలబడింది.

"అప్పుడు నాకేం తెలియదు. ఒట్టు. రెండు నెలలకి ఈయన నిద్రలో అరుస్తుంటే నిలదీశాను. అప్పుడు చెప్పారు. ఆ టకటక ఏంటో అప్పుడు తెలిసింది. పోలీసులకి చెబుతానన్నాను. ఉరేసుకుంటానన్నారు. ఆగిపోయాను. తరువాత చెప్పకుండా ఉన్నది ఆయన కోసం కాదు. అప్పటికి నువ్వు నా ఒళ్ళో పడుకోవడం మొదలుపెట్టావు. నాకు పిల్లల్లేరు. చెబితే మీరిద్దరూ నా గుమ్మం దిగిపోతారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపేశాను. ఈయన పోయాక చెబుదామని నీ గది దాకా వచ్చేదాన్ని చెల్లీ. నువ్వు కాఫీ చేతిలో పెట్టేదానివి. తాగి వెళ్ళిపోయేదాన్ని."

"అందుకని మందిరం బాగుచేయించారు," అంది ఇన్‌స్పెక్టర్.

"నోటితో చెప్పలేకపోయాను. నేల తీస్తే ఆయనే బయటికి వస్తారు కదా అనుకున్నాను."

పాస్టరమ్మ చాలాసేపు తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. అరుస్తుందనుకున్నారు. శపిస్తుందనుకున్నారు.

"ఆ రోజు ఏం పాట వాయించావక్కా?" అంది.

టీచరమ్మ తల దించుకుంది.

"చెప్పు."

"నీకిష్టమైందే. పాపని నిద్రపుచ్చుతూ పాడేదానివే, అది. ఆయనకి కూడా..."

పాస్టరమ్మ లేచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని బెంచీల మధ్య నుంచి బయటికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఏం జరిగిందో వినపడని గంటల తాత మాత్రం అమాయకంగా లేచి నిలబడి ఆమెకు దండం పెట్టాడు.

ఎస్సై టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

*

పోయినవాడి మీద కేసు నడవదు. దాచినందుకు టీచరమ్మ మీద నడుస్తోంది. వయసు చూసి కోర్టు బెయిలు ఇచ్చింది. ఆవిడ వెనక గది ఖాళీ అయింది. పాస్టరమ్మ, కూతురు ఆస్పత్రి దగ్గర చిన్న వాటా అద్దెకు తీసుకున్నారు. మిషన్ ఒక రిక్షాలో, బట్టల పెట్టె ఒక రిక్షాలో వెళ్ళాయి. ఇంటి ముందు టీచరమ్మ నిలబడి చూసింది. ఇద్దరిలో ఒక్కరూ పలకరించలేదు.

మందిరం పని ఆగలేదు. ఆపుదామని కొందరన్నారు. పాస్టరమ్మే వద్దంది.

"ఆయన బడి పెడదామన్నారు కదా. పెట్టండి," అంది. "ఒక్కటే అడుగుతున్నాను. ఆయన్ని దొంగ అని ఈ వేదిక మీద నుంచే చదివారు. కాదని కూడా ఇక్కడి నుంచే చదవాలి."

మొదటి ఆదివారం మందిరం నిండిపోయింది. ఏళ్ళ తరబడి మాటల్లేని రెండు జట్లూ ఒకే బెంచీల్లో సర్దుకున్నాయి. వెనక వరసలో ఇన్‌స్పెక్టర్, ఎస్సై. కొత్త పాస్టరు వేదిక ఎక్కి ముందు ఆ సంగతే చదివాడు. చిన్న ప్రకటన. ఆయన ఏ తప్పూ చేయలేదు. మేమందరం ఆయనకు అన్యాయం చేశాం. ఆయన భార్యకూ బిడ్డకూ అన్యాయం చేశాం. క్షమించమని అడుగుతున్నాం.

ముసలివాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. పాస్టరమ్మ నిలబడి వింది. అయిపోయాక కూర్చుంది. భుజాలు కదలడం మొదలైంది. ముప్పై ఏళ్ళలో ఆమె నలుగురిలో ఏడవడం ఇదే మొదలు. కూతురు ఆమెను గుండెకు అదుముకుంది.

కాసేపటికి పాస్టరమ్మ తలెత్తి కిటికీలోంచి బయటికి చూసింది. కూతురి చెవిలో ఏదో చెప్పింది. కూతురు ముఖం గంటుపెట్టుకుంది. అయినా లేచింది. గోడ పక్కనున్న కుర్చీ ఒకటి తీసుకుని బయటికి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టర్ కూడా తలుపు దాకా వచ్చింది.

గేటు బయట, ఎండలో, టీచరమ్మ నిలబడి ఉంది. కమ్మీ పట్టుకుని ఉంది. లోపలికి అడుగు పెట్టలేదు.

కూతురు కుర్చీ ఠపీమని ఆమె పక్కన దించింది.

"కూర్చో. నీ మీద జాలితో కాదు. పడిపోతే మళ్ళీ మోయాల్సింది నేనే."

టీచరమ్మ కూర్చుంది. "అమ్మ... ఏమైనా అందా?"

"లోపలికి రా అనలేను అంది. వెళ్ళిపో అని కూడా అనలేను అంది."

"ఇంకేం అనలేదా?"

కూతురు వీధి వైపు ముఖం తిప్పుకుంది.

"బీపీ మాత్ర వేసుకుందో లేదో కనుక్కో అంది."

టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేసుకోలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. చేతిసంచీలోంచి మాత్రల పట్టీ తీసింది గానీ, వేళ్ళు వణికి చించలేకపోయింది.

కూతురు కాసేపు చూసింది. పట్టీ లాక్కుని మాత్ర విడదీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. నీళ్ళు తేవడానికి లోపలికి నడిచింది.